సీటీ అయింది, పెట్ అయింది, ఇప్పుడు ఈబస్ అంటున్నారు. లంగ్ క్యాన్సర్ ఆపరేషన్‌కి ముందు ఇన్ని అవసరమా?

గుంటూరు_శ్రీను
మా నాన్నగారికి 64 ఏళ్లు. దగ్గు ఎంతకీ తగ్గకపోతే సీటీ తీయించాం. కుడి ఊపిరితిత్తి పైభాగంలో 3.8 సెం.మీ. గడ్డ ఉంది. సూదితో ముక్క తీసి పరీక్షకి పంపితే అడినోకార్సినోమా అని వచ్చింది. సీటీ రిపోర్టులోనే "4ఆర్ స్టేషన్‌లో 12 మి.మీ. నోడ్" అని రాశారు. నోడ్ అంటే లింఫ్ గ్రంథి, స్టేషన్ అంటే అది ఉన్న చోటుకిచ్చిన నంబరట. పెట్-సీటీ తీయించమంటే అప్పు తెచ్చి తీయించాం. అందులో గడ్డకి ఎస్‌యూవీ (ఎంత వెలిగిందో చెప్పే అంకె) 11 వచ్చింది. ఛాతీ మధ్యలో ఉన్న నోడ్స్‌కి 4, 5 అలా వచ్చింది, అదీ రెండు వైపులా. ఎడమ అడ్రినల్ (కిడ్నీ మీదుండే గ్రంథి) మీద చిన్న బుడిపె కూడా ఉందట.
ఆ రిపోర్టు చూడగానే ఇక్కడి డాక్టరు గారు "మూడో దశ దాటింది, ఆపరేషన్ కుదరదు, కీమో మొదలుపెడదాం" అన్నారు. రెండో అభిప్రాయం కోసం హైదరాబాద్ వెళ్తే అక్కడ "తొందరపడకండి, ఈబస్ (శ్వాసనాళం లోంచి నోడ్‌ని సూదితో గుచ్చి చూసే పరీక్ష) చేద్దాం, మెదడుకి ఎంఆర్ఐ కూడా తీయాలి" అంటున్నారు.
ఒళ్లంతా చూపించే పెట్ తీశాక మళ్లీ ఇవన్నీ దేనికి? సీటీ, పెట్, ఎంఆర్ఐ, ఈబస్... వీటిలో ఏది నమ్మాలి? నాన్నకి షుగర్ ఉంది. పాతికేళ్ల వయసులో టీబీ వచ్చి తగ్గింది. తెలిసినవాళ్లు కాస్త విడమర్చి చెప్పండి.

సామాన్యుడు
మా బంధువుల్లోనూ ఇదే తంతు. ఒక టెస్టు అవగానే ఇంకొకటి. ఆస్పత్రికి వెళ్లిన ప్రతిసారీ బిల్లు, చివరికి "కీమో" అని ఒక్క మాట. ఆ మాట మొదటే చెప్తే ఇంత డబ్బు మిగిలేది కదా. రోగి భయాన్ని సొమ్ము చేసుకోవడమే ఇది.

లక్ష్మీ_విశాఖ
శ్రీను గారూ, ధైర్యంగా ఉండండి. ఆ రెండో డాక్టరు గారు చెప్పింది వినండి. మా అత్తయ్యకి కూడా పెట్‌లో వెలిగినవన్నీ క్యాన్సర్ కాదని తరవాత తేలింది.

ఎక్స్‌రే_పెట్టె
నేను రేడియాలజిస్టుని, రోజూ ఈ ఫిల్ములతోనే నా పని. కొంచెం పెద్దగానే రాస్తాను.
శ్రీను గారూ, ఈ పరీక్షలు ఒకదానితో ఒకటి పోటీ పడేవి కావు. ఒక్కోటి ఒక్కో ప్రశ్నకి జవాబు చెబుతుంది.
సీటీ చెప్పేది ఆకారం. గడ్డ ఎంత ఉంది, పక్కటెముకకి అంటిందా, పెద్ద రక్తనాళాన్ని చుట్టిందా, పక్క లోబ్‌లో (ఊపిరితిత్తిలోని ఇంకో భాగంలో) ఇంకో మచ్చ ఉందా అన్నవి దీంట్లోనే బాగా తెలుస్తాయి. కాంట్రాస్ట్ ఇచ్చి లివరు, అడ్రినల్స్ కూడా కలిపి తీస్తాం. నోడ్ విషయానికొస్తే సీటీకి సైజు తప్ప ఇంకేమీ తెలియదు. అడ్డకొలతలో చిన్న వైపు 10 మి.మీ. దాటితే "పెరిగింది" అని రాస్తాం. పెరిగిన ప్రతి నోడ్‌లో క్యాన్సర్ ఉండదు, 7 మి.మీ. నోడ్‌లో ఉండొచ్చు. అందుకే ఛాతీ మధ్య నోడ్స్ విషయంలో సీటీ పట్టుకునేది నూటికి సుమారు 55 మాత్రమే.
పెట్ చెప్పేది చురుకుదనం. ఎఫ్‌డీజీ అనే రేడియోధార్మిక చక్కెర ఎక్కిస్తారు. చక్కెరని ఎక్కువగా తినే కణాలు వెలుగుతాయి. నోడ్స్‌లో క్యాన్సర్‌ని పట్టుకోవడంలో ఇది సీటీ కంటే చాలా మెరుగు, నూటికి 77, 80 దాకా వెళ్తుంది. కానీ చక్కెర తినేది క్యాన్సర్ కణాలే కాదు. టీబీ, సార్కాయిడ్ అనే వాపు జబ్బు, ఫంగస్, దుమ్ము పీల్చే పనిలో ఏళ్ల తరబడి ఉన్నవాళ్ల నోడ్స్, మొన్నే తగ్గిన న్యుమోనియా అన్నీ వెలుగుతాయి. కోవిడ్ టీకా వేసిన చేతి వైపు చంకలో నోడ్స్ వెలగడం 2021లో మేమందరం చూశాం.
మీ నాన్నగారి రిపోర్టులో నాకు కొట్టొచ్చినట్టు కనిపించింది "రెండు వైపులా" అన్న మాట. కుడి పైలోబ్ గడ్డ పాకితే ముందు అదే వైపు నోడ్స్‌కి పాకడం మామూలు. రెండు హైలమ్‌లూ (శ్వాసనాళం ఊపిరితిత్తిలోకి వెళ్లే చోట్లు) ఒకే తీరుగా, ఒకే మోతాదులో వెలిగితే, అందులోనూ పాత టీబీ ఉంటే, గ్రాన్యులోమా (టీబీ లాంటి జబ్బుల్లో కణాలు గుమిగూడి ఏర్పడే చిన్న ముద్ద, క్యాన్సర్ కాదు) అని అనుమానించాలి. అనుమానం అంటున్నానే గానీ రుజువు అనడం లేదు. రుజువు సూదితోనే వస్తుంది.

వరంగల్_సతీశ్
పైన డాక్టర్ సాబ్ చెప్పింది మస్తు కరెక్టు. మా పెదనాయనకు గిట్లనే అయింది. పెట్‌ల ఛాతీ నడుమ నోడ్స్ వెలిగినయ్ అని ఆపరేషన్ వద్దన్నరు. సూది పెట్టి చూసినోడు లేడు. కీమో నడిచింది, మనిషి సగమైండు. తర్వాత వేరే దగ్గర చూపిస్తే నోడ్‌ల టీబీ అని తేలింది. అప్పటికి గడ్డ పెరిగి పెద్ద నాళానికి అంటుకుంది, ఇగ కోయరాదన్నరు. ఆ దవాఖానా పేరు ఇక్కడ రాయ. కానీ శ్రీనన్నా, పెట్ కాయితం ఒక్కటి పట్టుకొని ఆపరేషన్ వద్దంటే ఊకోకు.

సామాన్యుడు
@ఎక్స్‌రే_పెట్టె సార్, వెలిగినా నమ్మకూడదంటే ఇరవై వేలు పోసి పెట్ తీయడం ఎందుకు? నేరుగా సూదే వేయొచ్చు కదా?

ఎక్స్‌రే_పెట్టె
సూది ఎక్కడ వేయాలో తెలియాలి కదండీ. పైగా పెట్ అసలు బలం నోడ్స్ దగ్గర కాదు. ఎముకలో, లివర్లో, ఎవరూ అనుమానించని మూలలో ఉన్న మెటాస్టాసిస్‌ని, అంటే దూరంగా పాకిన క్యాన్సర్‌ని బయటపెట్టడంలో ఉంది. ఛాతీ కోశాక "అయ్యో, ఇది అప్పటికే పాకింది" అనుకునే పరిస్థితిని తగ్గిస్తుంది. ఈ విషయం మీద నెదర్లాండ్స్‌లో 188 మందితో చేసిన పరిశీలన 2002లో వచ్చింది. పాత పద్ధతిలో వెళ్లినవాళ్లలో 41 శాతం మందికి ఛాతీ తెరిచినా ఫలితం లేకపోయింది. పెట్ కలిపిన గుంపులో అది 21 శాతానికి పడింది. 2009లో డెన్మార్క్ వాళ్ల పరిశీలన కూడా అదే చెప్పింది. వృథాగా ఛాతీ కోసినవి 38 నుంచి 21కి తగ్గాయి. బతికిన కాలంలో మాత్రం రెండు గుంపులకీ తేడా కనిపించలేదు. 64 ఏళ్ల మనిషికి అక్కర్లేని థొరకాటమీ (ఛాతీ కోత) తప్పడం చిన్న విషయం కాదు.

సామాన్యుడు
ఇలా లెక్కలతో చెప్తే అర్థమవుతుంది. మాకు ఆస్పత్రిలో ఎవరూ ఈ మాట చెప్పలేదు.

గామా_కెమెరా
నేను న్యూక్లియర్ మెడిసిన్‌లో టెక్నాలజిస్టుని. పెట్ సరిగ్గా రావాలంటే సగం పని రోగి చేతిలోనే ఉంటుంది. ఈ థ్రెడ్ చదివి రేపు పెట్‌కి వెళ్లేవాళ్ల కోసం రాస్తున్నాను.
ఆరు గంటలు ఏమీ తినకూడదు. మంచినీళ్లు తాగొచ్చు. టీ, బబుల్‌గమ్, దగ్గుబిళ్ల, పాన్ ఏవీ వద్దు. షుగర్ 200 లోపు ఉండాలి. ఎక్కువుంటే ఒంట్లోని చక్కెర ఎఫ్‌డీజీతో పోటీ పడి గడ్డ మసకబారుతుంది. అలాగని స్కాన్ ముందు ఇన్సులిన్ పొడిస్తే ఆ ఎఫ్‌డీజీ అంతా కండల్లోకి పోతుంది, అప్పుడు ఫోటోలో భుజాలు, తొడలు వెలుగుతూ కనిపిస్తాయి. షుగర్ ఉందని అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే చెప్పండి. పొద్దున్నే స్లాట్ ఇస్తారు, మందుల సంగతి డాక్టరుతో మాట్లాడి చెప్తారు. మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకి పేగులు బాగా వెలుగుతాయి.
ముందు రోజు బరువులు మోయకండి, పరుగులు పెట్టకండి. వచ్చేటప్పుడు షాల్ తెచ్చుకోండి, చలికి వణికితే మెడ దగ్గర కొవ్వు వెలుగుతుంది.
ఇంజెక్షన్ ఇచ్చాక సుమారు గంట పడుకోబెడతాం. ఆ గంట మాట్లాడకూడదు, ఫోన్ చూడకూడదు. మాట్లాడితే గొంతు కండరాలు వెలుగుతాయి. ఎడమ వైపు నోడ్స్ స్వరపేటిక నరాన్ని నొక్కిన రోగుల్లో పని చేయని వైపు స్వరతంత్రి వెలగదు, పని చేసే వైపు వెలుగుతుంది. దాన్ని చూసి క్యాన్సర్ అటువైపు ఉందని పొరబడే ప్రమాదం ఉంది. అందుకే ఆ మౌనం.
ఎఫ్‌డీజీకి అర్ధాయువు 110 నిమిషాలు, అంటే అంతలో సగమైపోతుంది. అది తయారయ్యే సైక్లోట్రాన్ యంత్రం నుంచి డోస్ బయల్దేరిన క్షణం నుంచీ కరిగిపోతూనే ఉంటుంది. దూరపు ఊళ్లలో పెట్ సెంటర్లు తక్కువ ఉండటానికీ, మీరు అరగంట ఆలస్యంగా వస్తే మేం కంగారు పడటానికీ కారణం అదే.

లక్ష్మీ_విశాఖ
మా అత్తయ్యని ఒక గంట మాట్లాడకుండా కూర్చోబెట్టిన ఘనత మాత్రం ఈ పెట్‌దే 😀 మా మావయ్య ఇప్పటికీ చెప్పుకుని మురిసిపోతుంటారు.

వరంగల్_సతీశ్
😂 మా ఇంట్ల గూడ ఒకరున్నరు. వాళ్ల కోసం మిషన్ గాదు, ఆ గది ఒక్కటి కావాలె.

గుంటూరు_శ్రీను
నాన్నకి పెట్ రోజు షుగర్ 168 ఉందని రిపోర్టు మీద రాశారు. ఫర్వాలేదన్నమాట. మరి మెదడు ఎంఆర్ఐ ఎందుకు? పెట్ తల నుంచి తొడల దాకా తీశారు కదా. తలనొప్పి, ఫిట్స్ లాంటివేమీ నాన్నకి లేవు.

గామా_కెమెరా
మెదడు తినేదే చక్కెర. ఆరోగ్యంగా ఉన్న మెదడే పెట్‌లో నిండుగా వెలుగుతుంది. అందులో 5 మి.మీ. మచ్చ ఉంటే మధ్యాహ్నం ఎండలో టార్చి వేసినట్టే, కనబడదు. అందుకని మెదడు విషయంలో పెట్ నెగటివ్ అన్నా లెక్కలోకి రాదు.

లీడ్స్_తెలుగమ్మాయి
నేను ఇంగ్లండ్‌లో లంగ్ క్యాన్సర్ నర్సుని. ఇక్కడ నైస్ అనే ప్రభుత్వ సంస్థ మార్గదర్శకాల ప్రకారం నయం చేసే ఉద్దేశంతో వైద్యం చేయబోయే ప్రతి ఒక్కరికీ పెట్-సీటీ ఉంటుంది. మెదడు దగ్గర మాత్రం దశని బట్టి వెళ్తారు. లక్షణాలు లేని మొదటి దశకి మెదడు స్కాన్ అక్కర్లేదు. రెండో దశకి కాంట్రాస్ట్ సీటీ, అందులో అనుమానం వస్తే ఎంఆర్ఐ. మూడో దశకి నేరుగా కాంట్రాస్ట్ ఎంఆర్ఐ. శ్రీను గారి నాన్నగారికి మూడో దశ అనుమానం ఉంది కాబట్టి ఎంఆర్ఐ అడగడం సబబే. పైగా అడినోకార్సినోమా మెదడుకి పాకే గుణం ఎక్కువున్న రకం.
పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. మూసిన గొట్టంలో భయపడేవాళ్లు కూడా చెప్తే చిన్న మోతాదు మత్తు ఇస్తారు.

కోదాడ_బాబు
మొత్తం ఒంటికే ఎంఆర్ఐ తీస్తే రేడియేషనూ ఉండదు, పెట్టూ అక్కర్లేదు కదా? ఎక్కడో చదివాను.

లీడ్స్_తెలుగమ్మాయి
మంచి ప్రశ్న. ఇక్కడే స్ట్రీమ్‌లైన్ అనే పరిశీలన చేశారు, 2019లో వచ్చింది. హోల్ బాడీ ఎంఆర్ఐతో మొదలుపెట్టిన దారినీ, మామూలుగా సీటీ, పెట్ అంటూ సాగే దారినీ ఒకే రోగుల్లో పోల్చారు. పాకిన క్యాన్సర్‌ని పట్టుకోవడంలో రెండూ ఇంచుమించు సమానం. దశ తేలడానికి ఎంఆర్ఐ దారిలో 13 రోజులు పట్టింది, మామూలు దారిలో 19. ఖర్చూ తగ్గింది. కానీ దాన్ని తీయడం, చదవడం బాగా వచ్చినవాళ్లు కావాలి. ఇప్పటికీ ఇక్కడ రోజువారీ పద్ధతి పెట్-సీటీయే.

ఎక్స్‌రే_పెట్టె
మన దగ్గర ఛాతీకి ఎంఆర్ఐ తీసేది ముఖ్యంగా ఒక్క సందర్భంలో. ఊపిరితిత్తి కొసన పెరిగి భుజం, చెయ్యి లాగే పాన్‌కోస్ట్ గడ్డలకి. చేతికి వెళ్లే నరాల గుత్తిని పట్టిందా, వెన్నుపూసలోకి వెళ్లిందా అన్నది సీటీ కంటే ఎంఆర్ఐ బాగా చూపిస్తుంది. శ్రీను గారి నాన్నగారికి ఆ అవసరం కనిపించడం లేదు.

ఊపిరి
పల్మనాలజిస్టుని. ఈబస్ గురించి ఎవరూ వివరంగా రాయలేదు కాబట్టి చెప్తాను.
సన్నని బ్రాంకోస్కోప్ కొసన చిన్న అల్ట్రాసౌండ్ ఉంటుంది. నోట్లోంచి శ్వాసనాళంలోకి పంపి, గోడ అవతల ఉన్న నోడ్‌ని తెర మీద చూస్తూ, గోడలోంచి సన్నని సూదితో గుచ్చి కణాలు లాగుతాం. కోత ఉండదు. మత్తులో ఉంటారు, చాలామంది అదే రోజు ఇంటికి వెళ్లిపోతారు. ఒకటి రెండు రోజులు గొంతు నొప్పి, కళ్లెలో కాస్త రక్తం చార ఉండొచ్చు.
గుచ్చే వరుసకి ఒక క్రమం ఉంది. ముందు గడ్డకి ఎదురు వైపు నోడ్స్, తర్వాత మధ్యవి, చివరికి గడ్డ వైపువి. మీ నాన్నగారికి గడ్డ కుడివైపు కాబట్టి 4ఎల్ (ఎల్ అంటే ఎడమ, ఆర్ అంటే కుడి) మొదట, ఆ తర్వాత 7, 4ఆర్, చివర 11ఆర్. తిరగేసి చేస్తే సూదికి అంటిన కణాలు దూరపు నోడ్‌లోకి చేరి, లేని మూడో దశని సృష్టిస్తాయి. బల్ల పక్కనే పాథాలజిస్టు ఉంటే స్లైడ్ చూసి "సరిపడా వచ్చింది" లేదా "ఇంకోసారి గుచ్చండి" అని అప్పటికప్పుడు చెప్తారు. ఇంకో మాట. పాత టీబీ చరిత్ర ఉంది కాబట్టి తీసిన శాంపిల్‌లో కొంత సీబీనాట్‌కి (టీబీ క్రిమి జన్యువుని పట్టే పరీక్ష), టీబీ కల్చర్‌కి (క్రిమిని పెంచి చూడటం) కూడా పంపమని ముందే అడగండి. అన్నీ ఫార్మలిన్‌లో వేసేస్తే కల్చర్ చేయడానికి ఏమీ మిగలదు.
ఈబస్‌కి అందని చోట్లూ ఉన్నాయి. బృహద్ధమని పక్కన 5, 6 స్టేషన్లు అందవు. ఎడమ పైలోబ్ గడ్డలకి అవే ముఖ్యం. వాటికి వాట్స్ (చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే ఆపరేషన్) గానీ, ఛాతీ ముందు చిన్న కోత గానీ కావాలి. 8, 9 స్టేషన్లని, ఎడమ అడ్రినల్‌ని అన్నవాహిక లోంచి వెళ్లే ఎండోస్కోపీ అల్ట్రాసౌండ్‌తో అందుకోవచ్చు.

కోదాడ_బాబు
అన్ని నోడ్స్‌కీ నంబర్లు ఇచ్చారా! వీధుల్లో ఇంటి నంబర్లలా ఉన్నాయి.

గుంటూరు_శ్రీను
ఎడమ అడ్రినల్ అన్నారు కాబట్టి అడుగుతున్నాను. మా నాన్నకి అక్కడే 1.5 సెం.మీ. బుడిపె ఉంది. అది పాకినట్టేనా? నిన్నటి నుంచి అమ్మ ఇదే అడుగుతోంది.

ఎక్స్‌రే_పెట్టె
కాంట్రాస్ట్ ఇవ్వకుండా తీసిన సీటీలో ఆ బుడిపె సాంద్రత ఎంతో అడగండి. 10 హెచ్‌యూ (సీటీలో సాంద్రత కొలిచే యూనిట్) లోపు ఉంటే కొవ్వున్న మామూలు అడినోమా, అంటే క్యాన్సర్ కాని బుడిపె. వయసు పైబడినవాళ్లలో చాలామందికి ఉంటాయి. పెట్‌లో లివరు కంటే తక్కువ వెలిగితే ఇంకా ధీమాగా ఉండొచ్చు. రెండూ రిపోర్టులో లేకపోతే పెట్ సీడీ తీసుకెళ్లి రేడియాలజిస్టుతో కొలిపించండి. అందులోని సీటీ చాలాచోట్ల కాంట్రాస్ట్ లేనిదే ఉంటుంది.
ఇలా ఒంటరిగా వెలిగిన మచ్చల మీద 2005లో స్విట్జర్లాండ్ నుంచి ఒక పరిశీలన వచ్చింది. పెట్‌లో ఊపిరితిత్తి బయట ఒకే ఒక్క మచ్చ వెలిగిన 69 మందికి ఆ మచ్చ ఏమిటో తేల్చి చూస్తే 37 మందికే అది మెటాస్టాసిస్. మిగతా 32 మందిలో వేరే ఏదో. వాళ్లని నాలుగో దశ అని పంపేసి ఉంటే ఎంత అన్యాయం!

సర్జికల్_మాస్క్
థొరాసిక్ సర్జన్ని. ఆలస్యంగా చూశాను. పైన చెప్పినవాటితో ఏకీభవిస్తాను గానీ ఒక్క విషయంలో జాగ్రత్త. అందరూ "టీబీయే అయ్యుంటుంది" అన్న ఊపులో ఉన్నారు. గడ్డ 3.8 సెం.మీ., పెరిగిన 4ఆర్ నోడ్, అడినోకార్సినోమా. ఇలాంటివాళ్లలో నిజంగా ఎన్2 (గడ్డ వైపు ఛాతీ మధ్య నోడ్స్‌కి పాకిన క్యాన్సర్) ఉండే అవకాశం తక్కువేమీ కాదు. పెట్‌లో నోడ్స్ వెలగకపోయినా గడ్డ 3 సెం.మీ. దాటితే, మధ్యలో ఉంటే, లేదా హైలార్ నోడ్ అనుమానం ఉంటే మేం ఈబస్ అడుగుతాం. అంచున ఉన్న 3 సెం.మీ. లోపు గడ్డ, సీటీలో, పెట్‌లో నోడ్స్ శుభ్రంగా ఉంటేనే నేరుగా ఆపరేషన్‌కి వెళ్తాం.
ఎన్2 ఉన్నా దారి మూసుకుపోదు. 2025 జనవరి నుంచి వచ్చిన తొమ్మిదో టీఎన్ఎంలో (క్యాన్సర్ దశల వర్గీకరణ) ఒక్క స్టేషన్‌లో ఉంటే ఎన్2ఏ, ఒకటి కంటే ఎక్కువ స్టేషన్లలో ఉంటే ఎన్2బీ అని విడదీశారు. ఒక్క స్టేషన్ వాళ్లలో కొందరికి ముందు మందులిచ్చి తర్వాత ఆపరేషన్ చేస్తాం. కాబట్టి ఏ స్టేషన్‌లో ఉంది, ఎన్నింటిలో ఉంది అన్నది ఇప్పుడు మరింత ముఖ్యం. ఆ లెక్క పెట్ ఒక్కటీ ఇవ్వలేదు.

వరంగల్_సతీశ్
@సర్జికల్_మాస్క్ సార్, టీబీ అని ధీమాగా ఉండుమని నేను చెప్పలె. సూది పెట్టి చూడుమన్న అంతే.

సర్జికల్_మాస్క్
అది సరైన మాటే సతీశ్ గారూ. మీ పెదనాన్నగారికి జరిగింది చదివి బాధేసింది.

కోదాడ_బాబు
బోన్ స్కాన్ కూడా రాశారు మా వాళ్లకి. పెట్ ఉంటే అదీ కావాలా?

ఎక్స్‌రే_పెట్టె
పెట్ సరిగ్గా తీసి ఉంటే మామూలుగా వద్దు. బోన్ స్కాన్‌లో పాత ఫ్రాక్చరు, కీళ్ల అరుగుదల కూడా మచ్చలుగానే కనిపిస్తాయి. పెట్ దొరకని చోట, ఎముక నొప్పి ఉన్నప్పుడు దానికి విలువ ఉంది.

లక్ష్మీ_విశాఖ
డబ్బు సంగతి కూడా చెప్పండి ఎవరైనా. అందరూ ప్రైవేటులో తీయించలేరు కదా.

గామా_కెమెరా
ప్రభుత్వ, ట్రస్టు క్యాన్సర్ ఆస్పత్రుల్లో బయటికంటే తక్కువకి అవుతుంది, వెయిటింగ్ ఉంటుంది. మీ విశాఖలో అగనంపూడి దగ్గర టాటా వాళ్ల హోమీ భాభా ఆస్పత్రి ఉంది. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, నిమ్స్ ఉన్నాయి. ఆరోగ్యశ్రీ (ఏపీలో 2024 నుంచి ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డుంటే ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రని కలిసి ఏ పరీక్ష ప్యాకేజీలోకి వస్తుందో ముందే అడగండి. బయట తీయించాక బిల్లు పెడతామంటే కుదరదు.

గుంటూరు_శ్రీను
ఈబస్ అయింది, ఎంఆర్ఐ కూడా అయింది. రిపోర్టులు ఇవాళ చేతికొచ్చాయి. మెదడు శుభ్రంగా ఉంది. అడ్రినల్ 4 హెచ్‌యూ, అడినోమా అన్నారు. 4ఎల్‌లో మామూలు లింఫోసైట్లు. 7లో, 4ఆర్‌లో గ్రాన్యులోమాలు, క్యాన్సర్ కణాలు కనబడలేదు. 11ఆర్ నెగటివ్. సీబీనాట్ నెగటివ్, కల్చర్ ఇంకా రావాలి. అమ్మ పొద్దుటి నుంచి ఏడుస్తూనే ఉంది, సంతోషంతో. కానీ హైదరాబాద్ సర్జన్ గారు "మంచిదే, కానీ ఈ నెగటివ్‌ని ఎంతవరకు నమ్మాలో బోర్డులో (డాక్టర్లందరి సమావేశంలో) మాట్లాడాలి" అన్నారు. మళ్లీ ఈ మాట ఏమిటి?

లక్ష్మీ_విశాఖ
ఎంత మంచి కబురు చెప్పారు శ్రీను గారూ!

వరంగల్_సతీశ్
శ్రీనన్నా, మనసు నిండింది.

ఊపిరి
చాలా సంతోషం. ఆ సర్జన్ గారి మాటకి అర్థం ఇది. సూది నోడ్ మొత్తాన్ని తీయదు, చిటికెడు కణాలే తెస్తుంది. గ్రాన్యులోమా ఉన్న నోడ్‌లోనే మరో మూల క్యాన్సర్ ఉండటం అరుదే గానీ అసాధ్యం కాదు. పైగా క్యాన్సర్ ఉన్నవాళ్ల నోడ్స్‌లో టీబీ లేకుండానే సార్కాయిడ్ లాంటి గ్రాన్యులోమాలు వస్తుంటాయి. అందుకని సీబీనాట్ నెగటివ్ అయితే టీబీ మందులు వెంటనే మొదలుపెట్టరు, కల్చర్ కోసం చూస్తారు. "సరిపడా శాంపిల్ వచ్చిందా" అన్నది రిపోర్టులో ఉండాలి. లింఫోసైట్లు కనిపించాయంటే సూది నోడ్‌లోనే పడిందని అర్థం. అది మీకు అనుకూలమే.

ఎక్స్‌రే_పెట్టె
నా మటుకు నేనైతే మీడియాస్టినోస్కోపీ చేయించి నిర్ధారించుకోమంటాను. పెట్‌లో వెలిగిన 12 మి.మీ. నోడ్ ఉంది. మెడ కింద చిన్న కోతతో నేరుగా నోడ్ ముక్కలు తీస్తే ఇంక సందేహం ఉండదు. 2010లో వచ్చిన ఆస్టర్ పరిశీలనలో సర్జికల్ స్టేజింగ్ (కోతతో నోడ్స్ తీసి దశ తేల్చడం) ఒక్కటే చేస్తే 79 శాతం పట్టుకుంటే, ఎండోస్కోపీ అల్ట్రాసౌండ్ చేసి నెగటివ్ వచ్చినవాళ్లకి సర్జికల్ కూడా కలిపితే 94 శాతం పట్టుకున్నారు.

సర్జికల్_మాస్క్
ఇక్కడ నేను విభేదిస్తాను. ఆస్టర్ తర్వాత పదమూడేళ్లకి, 2023లో, నెదర్లాండ్స్, బెల్జియం వాళ్లు సరిగ్గా ఈ ప్రశ్నే తీసుకుని 360 మందిని చూశారు. ఈబస్ నెగటివ్ వచ్చినవాళ్లలో సగం మందికి మీడియాస్టినోస్కోపీ చేసి, మిగతావాళ్లకి నేరుగా ఆపరేషన్ చేశారు. ఊహించని ఎన్2 బయటపడింది నేరుగా వెళ్లినవాళ్లలో 8.8 శాతం, మీడియాస్టినోస్కోపీ చేసినవాళ్లలో 7.7 శాతం. ఆ కాస్త తేడా కోసం అందరికీ ఇంకో జనరల్ అనస్థీషియా, ఇంకొన్ని వారాల ఆలస్యం పెట్టడం నాకు ఇష్టం లేదు. ఈబస్ పద్ధతిగా చేసి, సరిపడా కణాలు వచ్చి, నెగటివ్‌కి కారణం కూడా దొరికింది, అంటే గ్రాన్యులోమా. నేనైతే ఆపరేషన్ మొదట్లోనే 4ఆర్, 7 తీసి ఫ్రోజెన్ సెక్షన్‌కి (ఆపరేషన్ జరుగుతుండగానే ముక్కని గడ్డకట్టించి చూసే పరీక్ష) పంపుతాను. శుభ్రంగా ఉంటే లోబెక్టమీ (గడ్డ ఉన్న లోబ్‌ని తీసేయడం) చేసి మిగతా స్టేషన్లు కూడా తీస్తాను.

ఎక్స్‌రే_పెట్టె
ఆ పరిశీలన నాకూ తెలుసు. అందులో అందరికీ ఇంత వెలిగే నోడ్స్ లేవు కదా. అయినా ఫ్రోజెన్ సెక్షన్ ఉన్న ఆస్పత్రి అయితే మీ దారి కూడా బాగానే ఉంది. లేకపోతే నా మాట మీదే ఉంటాను.

సర్జికల్_మాస్క్
ఒప్పుకుంటాను. శ్రీను గారూ, ఫ్రోజెన్ ఉందో లేదో తప్పకుండా అడగండి. పీఎఫ్‌టీ, డీఎల్‌సీఓ అనే ఊపిరితిత్తుల పనితీరు పరీక్షలు కూడా అయ్యుండాలి. స్కాన్లన్నీ "కోయొచ్చు" అన్నా మిగిలే ఊపిరితిత్తి సరిపోతుందని చెప్పాల్సింది ఆ పరీక్షలే.

గుంటూరు_శ్రీను
ఫ్రోజెన్ ఉందట. బోర్డులో మీరు చెప్పిన దారే ఖాయం చేశారు. ఆపరేషన్ మొదట్లో నోడ్స్ చూసి ముందుకెళ్తామన్నారు. ప్రస్తుతానికి ఒకటో దశ, బీ అని రాశారు. బెడ్ దొరకడానికి కొన్ని వారాలు పట్టొచ్చంటున్నారు. అప్పటికి పెట్ పాతబడిపోతుందా?

సర్జికల్_మాస్క్
స్టేజింగ్ సీటీ, పెట్ రెండూ 60 రోజుల లోపువి ఉండాలని క్యాన్సర్ మార్గదర్శకాలిచ్చే అమెరికా ఎన్‌సీసీఎన్ వాళ్లు చెబుతారు, మేం కూడా అదే చూస్తాం. ఆ గడువు దాటుతుందనిపిస్తే ఆస్పత్రికి ముందే గుర్తు చేయండి. బెడ్ త్వరగా దొరకడానికి కూడా అది పనికొస్తుంది.

సామాన్యుడు
ఇన్ని రోజులుగా చదువుతున్నాను. మొదట రాసిన బంధువుల సంగతి మా పిన్నిది. ఆవిడ పెట్‌లో ఎడమ 7వ పక్కటెముక మీద ఒక్క మచ్చ వెలిగిందని నాలుగో దశ అన్నారు. కీమో వచ్చే వారం మొదలు. నిరుడు బాత్‌రూమ్‌లో జారిపడి అదే వైపు దెబ్బ తగిలింది. ఎవరికీ చెప్పలేదట, ఇవాళ అడిగితే చెప్పింది. ఇప్పుడేం చేయమంటారు?

ఎక్స్‌రే_పెట్టె
పెట్ సీడీ ఇవాళే చేతిలోకి తీసుకోండి, ఫిల్ము ఒక్కటీ చాలదు. ఆ పక్కటెముకని సీటీలో సన్నని ముక్కలుగా చూస్తే మానిన ఫ్రాక్చరు గీత తెలియొచ్చు. తెలియకపోతే సీటీ చూస్తూ ఆ ఎముకకి సూది బయాప్సీ చేయొచ్చు. మిగతా ఒంట్లో ఇంకేమీ వెలగకపోతే కీమోకి ముందే అది తేలాలి. మీ డాక్టరు గారికి పడిన సంగతి చెప్పి, ఆ మచ్చ నిర్ధారణ అయ్యాకే మొదలుపెట్టమని నేరుగా అడగండి.

ఊపిరి
పిన్నిగారి గడ్డ ఎంతుంది, నోడ్స్ ఏమైనా ఉన్నాయా? వివరాలు కొత్త థ్రెడ్‌లో పెట్టండి, అక్కడ చూద్దాం.

సామాన్యుడు
పెడుతున్నాను. సీడీ కోసం తమ్ముణ్ని ఇప్పుడే పంపించాను.